ఆవిడ వాటా జంతికలు

విశాఖ నుంచి రాయగడ వస్తున్న రైల్లో ఎదురు సీట్లో ఒకావిడకి జంతికలు పెట్టాను. పెదవులు విప్పకుండా నవ్వి, వద్దని చెయ్యూపింది. మా వైపు వాళ్ళం ఒక్క మాటకి వదులుతామా?

"తినండమ్మా, ఇంట్లో సేసినవే."

"ఏటి తింతానమ్మా? నిన్ననే విశాఖలో దవడకి స్క్రూలు బిగించేరు. కొన్ని నెలలయ్యేక మళ్ళీ ఎల్తే పళ్ళు పెడతారట."

ఆవిడ పుట్టి పెరిగింది మలేషియాలో. మాట మాత్రం ఇక్కడ నుంచి వెళ్ళిన వాళ్ళ నాయనమ్మది. అక్కడికంటే చవకని పళ్ళకోసం వచ్చింది. ఒంటరి మనిషి, పనిలో పనిగా రాయగడలో ఉండిపోవడానికి కుదురుతుందేమో చూసుకుందామని బయల్దేరింది.

అంతే, చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఫోన్లు తీశారు. ఒకాయన తన బావమరిది మేడ మీద వాటా ఖాళీగా ఉందన్నాడు. "కొరాపుట్ సల్లగుంటాది, అక్కడికెళ్ళండి" అని ఇంకొకావిడ ఆయనతో దెబ్బలాటకి దిగింది. అది చూసి మలేషియా ఆవిడ బోసినోరంతా తెరిచి నవ్వింది.

రాయగడలో దిగేటప్పుడు జంతికల పొట్లం చేతిలో పెట్టబోతే వెనక్కి నెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి. పళ్ళొచ్చేక మీ ఇంటికొచ్చి తింతాను."

మా ఇల్లెక్కడో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చాలా నెలల తరవాత, రాయగడ బజారులో ఎవరో వెనక నుంచి నా భుజం తట్టారు.

"నా జంతికలేవమ్మా?"

తిరిగి చూస్తే నోటినిండా పళ్ళు, చేతిలో కూరల సంచి.