తాళాల గుత్తికి కట్టిన కార్డు

ఆ టౌన్ బస్సు కార్డు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండువేల దశకం చివర్లో మా కర్నూలులో కొన్నాళ్ళు పెట్టి, నడపడం చేతగాక ఎత్తేశారు. ఎత్తేసినవాళ్ళకు ఏం నష్టం వచ్చిందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మా అత్త పోగొట్టుకున్నది మాత్రం నా కళ్ళారా చూశాను.

నేను కడప పిల్లను. పెళ్ళయి కర్నూలు వన్‌టౌన్‌లో కిరాణా అంగడి ఉన్న ఇంటికి వచ్చాను. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా తెర. మామ పోయాక అంగడి మా ఆయన చేతికొచ్చింది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గల్లాపెట్టెలో చేయి పెట్టేది ఒక్కరే. ఇంట్లో ఆడవాళ్ళకు పది రూపాయలు కావాలన్నా తెర తీసుకుని అంగట్లోకి వచ్చి, బేరాలు తగ్గేదాకా నిలబడి అడగాలి. "ఏంటికి? యాడికి?" అని ఆయన అడుగుతాడు. చెప్పాలి. అప్పుడు గల్లా తెరుచుకుంటుంది. మా ఆయన చెడ్డవాడేం కాదు, వాళ్ళ నాయన ఎట్లా అడిగేవాడో ఈయనా అట్లాగే అడిగేవాడు. మా అత్త నలభై ఏళ్ళు మొగుణ్ణి అడిగింది, ఆ తర్వాత కొడుకుని అడగడం మొదలుపెట్టింది. కడపలో మా అమ్మ అయితే ఇంటి ఖర్చులో నాలుగు నోట్లు మిగిల్చి పక్కన పెట్టుకునేది. మా అత్తకు అదీ లేదు. అంగడి సొమ్ము ఇంట్లో దాస్తే లక్ష్మి అలుగుతుందని ఆమె నమ్మకం.

ఆమెకు ఒక చెల్లెలు. కల్లూరులో ఉండేది. చూపు బాగా మందగించి గడప దాటలేని స్థితి. వాళ్ళిద్దరిదీ పత్తికొండ వైపు పల్లె. కలిస్తే చాలు, చిన్నప్పటి టమాటా తోటల సంగతులు, చచ్చిపోయినవాళ్ళ సంగతులు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారనే సంగతులు, నవ్వులే నవ్వులు. మా అత్త నవ్వగా నేను చూసింది ఆ చెల్లెలింట్లోనే. కానీ బస్సు చార్జీ అడగాలంటే ఆమెకు నోరు వచ్చేది కాదు. తెర దాకా వచ్చి, అంగట్లో మనుషుల్ని చూసి, మళ్ళీ వెనక్కి పోయేది. నెలకొకసారి పోతే గొప్ప.

అట్లాంటి ఇంటికి ఆ కార్డు వచ్చింది. బస్సుల వాళ్ళు ఊరంతా మైకు పెట్టి చాటారు, చిల్లర బాధ లేదు, కండక్టరు మెడలో ఉన్న మిషనుకు కార్డు ఆనిస్తే చాలని. నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. ఆ సంపాదనతో బస్టాండు కౌంటరులో అత్త పేరున ఒక కార్డు తీసుకుని, డబ్బు నింపించి తెచ్చి చేతిలో పెట్టాను.

ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "దుడ్లైతే నీ చేతినుంచి తీసుకోను మే. ఇది కార్డే గదా, తీసుకుంటా" అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక అంచు చీర కట్టుకుని, తెర తీసుకుని, అంగడి మధ్యలోంచి ఆగకుండా నడిచి పోయింది! మా ఆయన పప్పు తూస్తూ తలెత్తి, "యాడికమ్మా?" అన్నాడు.

"చెల్లెలింటికి" అంది. అడగలేదు, చెప్పింది. వీధిలోకి దిగి పోతూనే చెప్పింది.

ఆ రోజు మా అత్త వీపు చూసి నాకు ఎంత సంతోషమైందో! ఇక రోజూ అంతే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చేది, వస్తూనే కల్లూరు కబుర్లు మొదలుపెట్టేది. ఆమె అంత మాట్లాడగలదని నాకు తెలియనే తెలియదు.

ఆ మిషన్ల సంగతి కూడా చెప్పాలి. మా ఊరి ఎండలో దాని అద్దం మీద అక్షరం కనబడితే ఒట్టు. ఒకసారి ఆనిస్తే పలకదు, రెండోసారి ఆనిస్తే రెండుసార్లు డబ్బు కోసేస్తుంది. "సరిగ్గా పెట్టమ్మా, ఇంగోసారి పెట్టు, ఆడ కాదు ఈడ" అని కండక్టరు అరుపులు. పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు కార్డును దానికేసి రుద్దేవాళ్ళు, పాపం, రుద్దితే పలుకుతుందేమోనని. వెనకనున్నవాళ్ళు తోసేవాళ్ళు. పలక్కపోతే తప్పు ఎవరిది? కార్డు పట్టుకున్న మనిషిది. మిషనుది ఏ రోజూ కాదు! దాని మొహం మండ, నేను నాకని తీసుకున్న కార్డులో కూడా ఎన్నిసార్లు ఊరికే కోసిందో. కౌంటరులో అడిగితే, "మిషను తప్పు చెయ్యదమ్మా" అనేవాళ్ళు. వాళ్ళమ్మ కన్నట్టు దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు.

అయినా మా అత్త కార్డు బాగానే పలికేది. ఆమెకున్న భయమల్లా అది పోతుందేమోనని. ఆమెకు విలువైనదంటే నడుముకు కట్టుకోవాల్సిందే. బీరువా తాళం, దేవుడి గూటి తాళం, సరుకుల గది తాళం అన్నీ ఒక గుత్తిగా తాడుకు గుచ్చి నడుమున దోపుకునేది. పెళ్ళయిన నాటి నుంచి అందులో ఒక్కటి పోగొట్టుకోలేదు. మా ఇంట్లో కాగితమంటే తీగకు గుచ్చాలి, మూట అంటే కుట్టాలి, తాళమంటే తాడుకు కట్టాలి. అంగడివాళ్ళకు భద్రమంటే అదే.

అందుకని ఒక రోజు పొద్దున ఆమె గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని పొయ్యి మీద ఎర్రగా కాల్చింది. దానితో కార్డు మూలన గుండ్రంగా, అందంగా ఒక బొక్క పెట్టింది. తాడు దూర్చి తాళాల గుత్తికి ముడి వేసింది.

"ఇంగ యాడికీ పోదు చూడు మే" అని నడుమున దోపుకుని మురిసిపోయింది.

ఎవరికి తెలుసండీ, ఆ ప్లాస్టిక్ అట్ట లోపల అంచు పొడుగునా వెంట్రుకంత తీగ పోతుందని? అది తెగితే కార్డు చచ్చిపోతుందని? కార్డుతో పాటు ఇచ్చిన చీటీలో మడవరాదు, తడపరాదు అని రాసుంది. బొక్క పెట్టరాదని లేదు. వాళ్ళ బుర్రలకు ఆ ఆలోచనే వచ్చి ఉండదు. ఈ ఊళ్ళో మనుషులు వస్తువును ఎట్లా దాచుకుంటారో వాళ్ళలో ఒక్కడైనా వచ్చి చూస్తే కదా!

ఆ రోజు అత్త తొందరగా తిరిగొచ్చింది. మొహం కందిపోయి ఉంది. చెంబెడు నీళ్ళు తాగి గోడవైపు తిరిగి పడుకుంది. అడిగితే "ఎండ" అంది. నేను నమ్మాను.

సాయంత్రం అంగట్లోకి ఒక మనిషి వచ్చాడు. మా దగ్గర ఖాతా మీద సరుకులు తీసుకుపోయే పాత గిరాకీ. పది మంది నిలబడి ఉండగా గొంతెత్తి చెప్పాడు: "ఏమప్పా, ఈ పొద్దు మీ అమ్మకు బస్సులో టికెట్ నేనే తీసిచ్చినా! కార్డు సెల్లలేదు. కండక్టరు నడి దోవలో దించేస్తాననె. మన సావుకారమ్మను దించుతావా రా, నేనుండా గదా అని ఇచ్చినా."

మంచిపనే చేశాడు, కాదనను. కానీ అది ఆ అంగట్లో అట్లా చెప్పాల్సిన మాటేనా? తెర వెనక నుంచి నేను మా ఆయన మొహం చూశాను. తల కొట్టేసినట్టయింది ఆయనకు. ఆ మనిషికి చార్జీ డబ్బులు ఇచ్చి పంపించి, తెర విసురుగా తోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"అంగడికొచ్చే మనిషి ముందర చేయి చాపితివా అమ్మా?"

అత్త లేచి కూర్చుంది. "నేను చాపలేదు నాయనా. దిగిపోతానన్యా. ఆయప్పే ఇచ్చినాడు."

"ఇంగ బస్సూ వద్దు, గిస్సూ వద్దు. ఇంట్లో కూసో."

ఆయన పోయాక మెల్లగా అడిగితే మొత్తం చెప్పింది. కండక్టరు గుత్తిని లాగి చూశాడట. "ఏందమ్మా ఇది, కార్డుకు బొక్కేంది? యాడన్నా దొరికిన కార్డా? ఎన్నాళ్ళ నుంచి తిరుగుతాండావు దీంతో?" అని బస్సంతా వినేటట్టు అరిచాడట. నడుముకున్న తాడు పట్టి లాగుతుంటే ఆమె వంగి నిలబడిందట. చేతిలో చిల్లర లేదు. ఎందుకుంటుంది? చిల్లరతో పని లేదని మైకు పెట్టి చెప్పింది వాళ్ళే కదా! ఆ మనిషి టికెట్ తీసిచ్చినా కల్లూరు దాకా పోలేక మధ్యలోనే దిగి, ఎండలో నడిచి ఇంటికొచ్చిందట. "నేను దొంగను కాదు నాయనా అన్యా మే. ఎవురూ ఇన్లేదు" అని చెబుతూ ఏడ్చింది. ఆ కండక్టరు కనబడితే ఆ తాడే వాడి మెడకు బిగించేదాన్ని.

పొద్దున్నే అత్తను వెంటబెట్టుకుని బస్టాండు కౌంటరుకు పోయాను. లోపల కూర్చున్నాయన కార్డును వెలుతురుకు పట్టి బొక్కలోంచి నన్ను చూశాడు. పక్కాయనకు చూపించి నవ్వాడు.

"ఎవురమ్మా దీన్ని పొడిచింది?"

"నేనే అప్పా" అంది అత్త.

"మీరు పాడుచేసుకుంటే మేమేం చేస్తాం? కొత్తది కొనుక్కోండి. దీంట్లో ఉన్న డబ్బు పోయినట్టే."

"లోపల తీగ ఉంటుందని ఎక్కడ చెప్పారు? చూపించండి" అన్నాను.

"చదువుకున్నోళ్ళకు ఆ మాత్రం తెలీదా?"

"చదువుకున్నవాళ్ళకేనా మీ బస్సులు? మరి ఆ ముక్క మైకులో చెప్పలేదే! మా అత్తను దొంగ అన్నాడు మీ కండక్టరు. నడుముకున్న తాడు పట్టుకుని లాగాడు. మీ ఇంట్లో ఆడమనిషి నడుము మీద ఎవడైనా చేయి వేస్తే ఇట్లాగే నవ్వుతావా?"

నవ్వు ఆగింది. నా వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ నోళ్ళు వచ్చాయి. ఒకాయనకు రెండుసార్లు కోసిందట, ఒకామె కార్డు ఎండకు వంగిపోయిందట, అందరికీ ఒకటే జవాబట. గోల గోల అయింది. ఆ గోలలో అత్త నా కొంగు పట్టి లాగుతూ, "పోదాం రా మే. తప్పు మనదే. నేనే పొడిచినా గదా" అంటూనే ఉంది. కౌంటరువాడి మీద కంటే ఆ మాట మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. తప్పు మనదేనట! ఒక్క మాట ముందు చెప్పనివాళ్ళది కాదు, బస్సులో పరువు తీసినవాడిది కాదు, ఉన్న ఒక్క కార్డును భద్రం చేసుకున్న ముసలామెది!

చివరికి క్షమాపణా లేదు, పోయిన డబ్బూ లేదు. నేనే ఇంకొక కార్డు కొన్నాను. దారిలో అత్త దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నడిచింది. మొహం కొంచెం తేటపడింది. రేపు పోవచ్చు కదా అని ఆమె ఆశ.

ఇంటికి రాగానే ఆమె చేతిలోంచి కార్డు మా ఆయన తీసుకున్నాడు. ఇంట్లో కూర్చోమన్నందుకు రాత్రంతా బాధపడ్డాడని నాకు తెలుసు. "నా దగ్గర ఉంటాదిలే అమ్మా. నీ దగ్గరుంటే మళ్ళా ఏమన్నా చేస్తావు. అయిపోతే నేనే నింపిస్తా. పోవల్లంటే అడుగు, ఇస్తా" అని గల్లాపెట్టెలో వేశాడు.

ఆయన దృష్టిలో అది దయ. నేను పోట్లాడాను. ఆ కార్డు నా డబ్బుతో కొన్నది, ఆమెకు ఇచ్చేయమన్నాను. "ఇస్తా గదా! పోవద్దని ఎవురన్యారు?" అని ఆయన నా మీదే కేకలు వేశాడు. ఆయనకు అర్థం కాలేదు. ఎంత చెప్పినా అర్థం కాలేదు. గోడకు తల బాదుకోవాలనిపించింది నాకు.

రెండు మూడు రోజులు అత్త ఊరుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం అంచు చీర కట్టుకుని తెర తీసుకుని అంగట్లోకి పోయింది. అంగడి నిండా జనం. ఆమె గల్లా పక్కన నిలబడింది. మా ఆయన మిరపకాయలు తూస్తున్నాడు. చాలాసేపటికి చూశాడు.

"ఏందమ్మా? కార్డా? యాడికి పోవల్ల?"

గిరాకీలు కూడా తిరిగి ఆమెనే చూశారు.

"యాడికీ లేదులే నాయనా" అని ఆమె వెనక్కి తిరిగింది.

తెర వెనక నుంచి నేను అంతా చూస్తున్నాను. తెర తోసుకుని అంగట్లోకి పోయి, అందరూ చూస్తుండగా గల్లాపెట్టె నేనే తెరిచాను. కార్డు తీసి, లోపలికి వచ్చి అత్త చేతిలో పెట్టాను. "పో అత్తా, ఎవరినీ అడగొద్దు. పో!"

ఆమె కార్డును నా చేతిలోనే తిరిగి పెట్టి నా వేళ్ళు మూసింది.

"వద్దులే మే. అడిగి పోయేదానికి కార్డెందుకు?" అని చీర మార్చుకోవడానికి గదిలోకి పోయింది.

ఆ తర్వాత నేను ఆటోలో తీసుకుపోతా రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా "చూస్తాంలే" అనేది. కొన్నాళ్ళకు కార్డులూ మిషన్లూ పోయాయి, మళ్ళీ కాగితం టికెట్లు వచ్చాయి. మా అత్త మాత్రం కల్లూరికి మళ్ళీ ఒక్కసారే పోయింది, చెల్లెలు చనిపోయిన రోజు. ఆ రోజు ఆమె ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. మా ఆయనే అంగడి మూసి, ఆటో పిలిపించి, చేయి పట్టుకుని ఎక్కించాడు.