అగ్గిపెట్టెంత యాంప్లిఫయర్‌లో నేను విన్న పేరు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా మార్కాపురంలో ఎండ నలభై ఉంటే నేను యాభై అంటాను. గిద్దలూరు వైపు రైల్లో పోతూ నల్లమలలో నేను చూసిన పులి మొదట కుక్కంత ఉండేది. పదేళ్లుగా చెప్పగా చెప్పగా ఇప్పుడది బోగీలో పట్టదు. నా స్నేహితులు నా మాటల్లో ముప్పాతిక తీసేసి, మిగిలిన పాతికను కూడా ఇంకొకరిని అడిగి నమ్ముతారు. మీరూ దీన్ని అలాగే చదవండి. అసలు అల్లింది ఎక్కడో, చివర్లో నేనే ఒప్పుకుంటాను.

పోయిన సీతాఫలాల కాలంలో మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. టీవీ అంత అట్టపెట్టె. దాన్ని కోస్తే ఇంకో పెట్టె, దాంట్లో ఇంకో పెట్టె, దాంట్లో గాలిబుడగల కాగితం. ఆ కాగితం పరిస్తే మా వీధి మొత్తం పడుకోవచ్చు. అన్నీ విప్పేసరికి మధ్యాహ్నం అన్నం చల్లారింది. ఆఖర్న అరచేతిలోకి జారింది, అగ్గిపెట్టెంత నల్లటి ఇనప డబ్బా. ఒక పక్క తిప్పే మర, ఇంకో పక్క రెండు బొక్కలు, నీలం లైటు. ఫోనుకూ హెడ్‌ఫోన్స్‌కూ మధ్య తగిలించుకునే యాంప్లిఫయర్ అది. ఫోనులోంచి సన్నగా వచ్చే పాటకు బలం ఎక్కించి చెవుల్లోకి పంపుతుందట. ఏడాదిగా దాని కోసం కలలు కన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది.

“ఏంది ఇది? అంత డబ్బాలో అగ్గిపెట్టె పంపినారా?”

“యాంప్లిఫయరు.”

“యాంప్లిఫయరంటే మైకుసెట్టు భాయ్ కాడ ఉంటది. ఇద్దరు మోస్తే గాని లేవదు. ఇదేంది, పిల్లి కూన మాదిరి!”

ఆమె మాటను పట్టించుకోకుండా డబ్బాను జేబులో వేసుకుని భాయ్ దుకాణానికే పోయాను. పెళ్లిళ్లకూ, ఉరుసులకూ, చావులకూ నలభై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల మైకులు పెట్టినవాడు భాయ్. అతని పాత యాంప్లిఫయర్ల మీద అన్నం వండుకోవచ్చు, అంత వేడి. నా డబ్బాను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూశాడు.

“దీంతో ఎన్ని హారన్లు నడుస్తాయన్నా?”

“హారన్లు కాదు భాయ్. రెండు చెవులు.”

“అరే, రెండు చెవులకా? దేవుడిచ్చింది చాల్లేదా నీకు?”

చాల్లేదనే చెప్పాను. ఆ రోజుల్లో నాకు ఏదీ చాలేది కాదు.

భాయ్ దగ్గర పాత క్యాసెట్లు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. పెళ్లిళ్లలో మైకు పెట్టినప్పుడల్లా పక్కన టేప్‌రికార్డర్ కూడా తగిలించేవాడు. వాటిని ఈ మధ్య ఒక్కొక్కటే ఫోనులోకి ఎక్కించి, ఏ ఊరి పెళ్లిదో, ఏ ఏటిదో రాసి మా వాట్సాప్ గ్రూపులో వేస్తున్నాడు. మార్కాపురం, కనిగిరి, పామూరు చుట్టుపక్కల పాత పాటల పిచ్చివాళ్లందరం ఆ గ్రూపులో ఉన్నాం. దాంట్లో నేను ఆస్థాన పండితుణ్ని. ఏ పాట వచ్చినా దాని గురించి పేరా రాయాల్సింది నేనే. రాయగానే బొటనవేళ్లు వరి నారులా లేస్తాయి.

కొత్త డబ్బాతో మొదట వినడానికి ఒక నలుగు పాటల క్యాసెట్ ఎంచుకున్నాను. ముప్పై ఏళ్లు దాటిన పెళ్లి అది, చంద్రశేఖరపురం, అదే మా సీఎస్ పురం, అవతల ఒక ఊళ్లో. పెళ్లికూతురికి ఆడవాళ్లు నలుగు పెడుతూ పాడిన పాటలు. ఆ కాలంలో మైకులో పాడటం అంటే గొప్ప. పక్క ఊరి వాళ్లకు కూడా వినపడాలి మరి. మైకు పట్టుకుని వాళ్ల మధ్య నిలబడింది అప్పటి పడుచు భాయ్.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మర తిప్పి, కళ్లు మూసుకున్నాను.

నిజమైన మొదటి అనుభవం ఇది: ఇంతకుముందు ఈగ తిరిగినట్టు వినపడే గుయ్యిమనే చప్పుడు ఇప్పుడు పలకల ఫ్యాక్టరీలో రాతిని కోసే రంపంలా వినపడింది. ఆడవాళ్ల గొంతులు కాస్త దగ్గరికి వచ్చాయి. ఎవరో దగ్గారు. ఎక్కడో గొర్రెపిల్ల అరిచింది. డబ్బా వేడెక్కింది. అంతే.

అంతే అని రాస్తే ఆస్థాన పండితుడి పరువేం కావాలి? ఏడాది కల ఏం కావాలి? రెండో పాటకూ మూడో పాటకూ మధ్య కాసేపు ఖాళీ ఉంది. ఆ రంపం చప్పుడు, దాని వెనక ఎవరెవరివో నవ్వులు. ఆ ఖాళీలో నా బుద్ధి దూరింది. గ్రూపులో ఇలా రాశాను:

“రెండో పాట అయిపోగానే ఆడవాళ్లు పెళ్లికూతుర్ని పట్టుకుని, మొగుడి పేరు చెబితేనే నలుగు పెడతామని మొండికేస్తారు. ఆమె చాలాసేపు నవ్వుతుంది. ఆ తర్వాత మెల్లగా, ఒకే ఒక్కసారి, ఆ పేరు పలుకుతుంది. ఫోను స్పీకరులో ఇది జన్మలో వినపడదు. ఈ యాంప్లిఫయర్ ఉండాలి.”

బొటనవేళ్లు లేచాయి. చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ‘మీ చెవులు చెవులు కావు సార్’ అన్నారొకరు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

వారం దాటాక ఒక పొద్దున భాయ్ మా ఇంటి ముందు బండి ఆపాడు. వెనక నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. పొడుగ్గా ఉన్నాడు, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి, సంచి నిండా సీతాఫలాలు. ఇరవై ఉంటాయి.

“అన్నా, ఈయన సీఎస్ పురం అవతల నుంచి వచ్చినాడు. కనిగిరిలో బస్సు మారి, నా దుకాణం కనుక్కోని వచ్చినాడు” అన్నాడు భాయ్. అతని మొహంలో ఎప్పటి నవ్వు లేదు. “ఆ నలుగు పాటల పెండ్లి ఈయనదే.”

ఆయన చెప్పులు గడప అవతల విడిచి, కుర్చీ చూపించినా దాని అంచునే కూర్చున్నాడు. గొర్రెలు కాసుకునే కుటుంబమట.

“మీరు గ్రూపులో రాసింది మా అల్లుడు చదివి ఇనిపిచ్చినాడు సారూ. మళ్ల రెండుమార్లు చదివిచ్చుకున్నా.”

“సారూ గీరూ వద్దన్నా. తమ్ముడా అను చాలు” అన్నాను, ఇంకా పొగడ్త కోసమే వచ్చాడనుకుంటూ.

“మా ఇంటామె పోయి రెండేండ్లాయె తమ్ముడా. ఫోటో ఉండాది. గొంతు యాడా లేదు. ఫోన్ల కాలం వచ్చినా ఆమె గొంతు పట్టుకుందామని ఎవురికీ తోచలా.” సంచిని కాళ్ల మధ్య సర్దుకున్నాడు. “కాపరం చేసినన్నాళ్లు నా పేరు ఒక్కనాడు గూడ పలకలా. ‘ఇదిగో’ అనేది. కోపమొస్తే ‘ఓ మనిషీ’ అనేది. ఓటరు కార్డోళ్లు వచ్చి మొగుని పేరేందమ్మా అంటే, పక్కింటామెను పిల్చకొచ్చి చెప్పిచ్చింది. అట్టాటిది పెండ్లికి ముందే పలికిందంట గదా! నలుగు కాడికి మగోళ్లం పోము గదా, నాకేం తెలుసు. ఒక్కసారి ఇనిపిచ్చు, పోతా.”

నా నోట్లో తడి ఆరిపోయింది. ఇక్కడ ఏ పోలికా చెప్పను. ఆరిపోయింది, అంతే.

భాయ్ నా వైపు చూశాడు. ఆ రోజు మైకు పట్టుకున్నవాడు అతను. పెళ్లికూతురు ఏం పలికిందో, ఏం పలకలేదో ఈ భూమ్మీద తెలిసిన మగవాడు అతనొక్కడే. నా మాట నన్నే చెప్పనిద్దామనుకున్నట్టు కిటికీ వైపు తిరిగాడు.

నేను డబ్బా తెచ్చాను. తగిలించాను. ఆయన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ కోసం తల వంచాడు, పూజారి ముందు వంచినట్టు. పాట మొదలైంది. మా ఆవిడ టీ తెస్తే గ్లాసు చప్పుడు కాకూడదని చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో పాట అయిపోయే చోట ఊపిరి బిగబట్టాడు. ఆ ఖాళీ గడిచింది. మూడో పాట వచ్చింది.

“మళ్ల పెట్టు తమ్ముడా.”

మళ్లీ పెట్టాను. మర ఇంకా తిప్పమన్నాడు. తిప్పాను. మూడోసారి ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో హెడ్‌ఫోన్స్‌ను చెవులకు అదిమి పట్టుకున్నాడు. ఆ గుయ్యిమనే చప్పుడులోంచి ఒక్క మాట, ఏదో ఒక మాట, ఎవరి గొంతైనా సరే రావాలని నేను మొక్కుకున్నాను. రాలేదు.

ఇక తట్టుకోలేకపోయాను. “అన్నా, ఆమె ఏం పలకలా. అది నేను అల్లి రాసినా. నన్ను క్షమించు” అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. “నాకు తెలుసులే తమ్ముడా. తోడేలుకు ఎదురుబోయే మనిషే గాని పేరు పలికే మనిషి కాదది. అయినా ఆశ గదా” అన్నాడు. భాయ్ కూడా నవ్వాడు. నలుగురం నేల మీద కూర్చుని సీతాఫలాలు తిన్నాం. గింజలు ఎవరు దూరంగా ఉమ్ముతారో పందెం వేసుకున్నాం. నేను అందరి ముందూ ఫోను తీసి ఆ రాత చెరిపేశాను.

బాగుంది కదూ? నాకూ బాగుంది. అందుకే అల్లాను.

పార్సిల్ టీవీ అంత లేదు, చెప్పుల డబ్బా అంత ఉంది. సీతాఫలాలు ఇరవై కావు, ఎనిమిది. పులిని నేను చూడనేలేదు. ఇవన్నీ మీరు ముందే తీసేసి ఉంటారు. కానీ నేను ఒప్పుకున్నాననీ, ఆయన నవ్వాడనీ చెప్పింది మాత్రం నమ్మే ఉంటారు. అదే అబద్ధం. ‘ఇక తట్టుకోలేకపోయాను’ అన్న మాట దగ్గర నుంచి మొత్తం. నేను తట్టుకున్నాను. చాలా బాగా తట్టుకున్నాను.

మూడోసారి విన్నాక ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

“నా చెవులు పోయినై తమ్ముడా. గొర్రెల యెనకాల గాలికి తిరిగి తిరిగి మూసకపోయినై. నీ మిషన్ మంచిదే.”

అప్పుడు చెప్పాల్సింది ఒక్క వాక్యం. లేని పులిని పదేళ్లు మేపిన నోరు నాది. ఆ నోటితో, “వయసు మీద పడితే అట్లనే ఉంటదిలే అన్నా” అన్నాను.

“నీకు ఇనపడింది గదా, అది చాలు. ఎట్ల పలికింది? నువ్వన్నా చెప్పు.”

“మెల్లగా అన్నా” అన్నాను. “నవ్వుతా.”

ఆయన తల ఊపాడు. “నవ్వుతానే పలికింటది” అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. సంచిలోని కాయలను ఒక్కొక్కటే, దెబ్బ తగలకుండా, మా బల్ల మీద పెట్టాడు. భాయ్ టీ ముట్టుకోకుండానే లేచి ఆయనను బస్సు ఎక్కించడానికి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి గ్రూపులో క్యాసెట్లు వేయడం మానేశాడు. నేను ఎందుకని అడగలేదు. నా రాత ఇంకా అక్కడే ఉంది, దాని కింద బొటనవేళ్లతో సహా. డబ్బా బీరువాలో ఉంది.

ఆయనకు చదివి వినిపించే అల్లుడు ఒకడున్నాడు కదా, ఇది అతని కంట పడాలని రాస్తున్నాను. అన్నా, నీ చెవులకు ఏం కాలేదు.

ఆ రోజు వాళ్లు పోయాక మా ఆవిడ బల్ల మీది కాయల్లో మగ్గినవీ మగ్గనివీ వేరు చేస్తూ అడిగింది.

“పేరు పలికింది, ఇన్నాను అంటివి గదా. ఇంతకీ ఆయన పేరేంది?”

నేను ఆయన పేరు అడగనేలేదు.