ఉధ్నాలో బిళ్ళంగోడు

మా ఆయనకి ఇంకో ఆడదెవరో ఉందనే అనుకున్నాను. ఉన్నా బాగుండేదని తరవాత అనిపించింది.

రెండువేల నాలుగు ప్రాంతం. బ్యాంకు బదిలీ మీద సూరత్ వచ్చిన ఏడాదికే ఆయన ముఖంలో నవ్వు పోయింది. నిద్ర లేదు, గుండెదడ. గుండెకేమీ లేదు, మనసే అలిసిందన్నాడు డాక్టరు. ఆనాటి నుంచి నేను ఎదురు చెప్పడం మానేశాను. టీవీ సౌండు తగ్గించాను, కూరల్లో ఉప్పు తగ్గించాను. ఆయన ఏమన్నా "సరేనండీ" అన్నాను. ఇంత చేసినా రోజుకి పది మాటలు మాట్లాడేవాడు కాదు.

అలాంటి మనిషి ఆదివారాలు పొద్దున్నే పాత ప్యాంటు వేసుకుని మాయమవడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతూ ఉండేది. అడిగితే "ఊరికే నడిచొచ్చాను" అనేవాడు. నడిచొచ్చిన మనిషి ఈల వేస్తాడా? ఒక ఆదివారం ఉండబట్టలేక వెనకాలే ఆటో ఎక్కాను.

సూరత్‌లోనే మరమగ్గాల పేట ఉధ్నాలో, మూతపడిన గోడౌను పక్కన ఖాళీ స్థలం. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మా ఆయన, బ్యాంకు ఆఫీసరుగారు, బిళ్ళంగోడు ఆడుతున్నారు! చుట్టూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మరమగ్గాల కార్మికులు, అందరూ మీసాలు నెరిసినవాళ్ళే. ఈయన కొట్టిన బిళ్ళని ఒకాయన ఎగిరి పట్టేశాడు.

"ఔట్! నడువు సారూ బయటికి! ఏంది, గిట్ల తొండి జేస్తవ్?"

"నేలకి తగిలాక పట్టావయ్యా!" అంటూ మా ఆయన కర్ర వదలకుండా అరుస్తున్నాడు. మధ్యలో నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ఆడదైతే జుట్టు పట్టుకునేదాన్ని. చెక్కముక్కని ఏం చెయ్యను? నా సేవలు, నా మొక్కులు చెయ్యలేని పని అది చేసింది. ఏడుపొచ్చింది.

"నువ్విక్కడికెలా వచ్చావ్?" అన్నాడాయన నన్ను చూసి. బిళ్ళ పట్టినాయనకి నేనెవరో అర్థమైపోయింది.

"అక్కా, నువ్వు జూసినవ్ గద. జర నిజం జెప్పు, గాల్ల పట్టిన్నా లేదా?"

మా ఆయన ధీమాగా నావైపు చూశాడు. "సరేనండీ" తప్ప ఎరగని పెళ్ళాం కదా. నా నోటిదాకా ఆ మాటే వచ్చింది కూడా. కానీ అక్కడ ఆయన్ని రోగిలా చూస్తున్నది నేనొక్కదాన్నే.

"ఔటే," అన్నాను. "కర్ర ఇచ్చెయ్యండి."

ఇల్లు చేరేదాకా ఆటోలో పోట్లాడుతూనే ఉన్నాడు. నాకు కళ్ళు కనపడవన్నాడు. సొంత మొగుడికే అన్యాయం చేశానన్నాడు. మా అన్నయ్యలతో ఆడి పెరిగినదాన్ని, నాకు రూల్సు చెప్పొద్దన్నాను. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నా ఇద్దరం తగ్గలేదు. ఆ ఏడాది మొత్తంలో మేం అన్ని మాటలు మాట్లాడుకోలేదు. ఇంత చక్కటి పోట్లాట ఇన్నాళ్ళూ వాళ్ళతోనే పెట్టుకున్నాడా అని నాకు మళ్ళీ కడుపు మండింది.

"వచ్చే ఆదివారం నేనూ వస్తాను," అన్నాను. "అదీ మీ ఎదుటి జట్టులోకి."