ఎర్రటి పిల్లల తల్లి

నిజాం పాలన చివరి రోజులవి. గద్వాలలో మగ్గం నేసుకునే నేను, కాన్పుకు వెళ్లిన నా భార్యను, పసివాణ్ణి చూడటానికి బల్మూరులోని అత్తవారింటికి వెళ్లాను. బాలింత బాగా నీరసించింది. కొర్రమట్ట చేప తింటే బలం వస్తుందని ఎవరో అన్నారు. తెల్లవారగానే మామగారి గాలం తీసుకుని చెరువుకు బయలుదేరాను.

వానాకాలం. నడుము లోతు నీళ్ల నిండా నాచు, తుంగ. ఒకచోట నీళ్లు రంగు బానలో పట్టు దారం ముంచినట్టు ఎర్రగా కదులుతున్నాయి. చూస్తే వేల చేపపిల్లలు! కప్పను గుచ్చి అక్కడే గాలం వేశాను. వేసీ వేయగానే మూరెడు కొర్రమట్ట పడింది.

గర్వంగా తీసుకొచ్చాను. వాకిట్లోనే మామ ముఖం నల్లబడింది.

"అల్లుడా, ఏడ దొరికింది గిది?"

"ఎర్రటి పిల్లలున్న కాడ, మామా."

"అయ్యో! ఎండాకాలంల బురదల చేతులు పెట్టి పడతం, చలికాలంల గాలమేస్తం. పిల్లలు ఎర్రగున్నన్ని దినాలు మాత్రం తల్లి జోలికి పోం. అది ఆకలికి కరవలే. పిల్లల మీదికి ఏదో వచ్చిందని కరిచింది."

చేప ఇంకా ఊపిరి తీస్తోంది. తడి తువ్వాలలో చుట్టి ఇద్దరం పరుగెత్తాం. తుంగలో వదిలాం. నీళ్లలో ఎరుపు లేదు. కొంగలు మాత్రం నిలబడి ఉన్నాయి. చేప ఆ చోటు చుట్టూనే మళ్లీ మళ్లీ తిరిగింది.

ఇంటికి రాగానే, పసివాణ్ణి పొదువుకుని పడుకున్న నా భార్య అడిగింది: "చేప దొర్కలేదా?"

"లేదు" అన్నాను.

తర్వాత యాభై ఏళ్లు కాపురం చేశాం. ఆ ఒక్క సంగతీ ఆమెకు చెప్పలేకపోయాను.