ఒడిబియ్యం నాటి విస్తరి

హైదరాబాదులో కడుపు కుదించే ఆపరేషన్ చేయించుకుని నేనింకా మంచం దిగకముందే, వేంసూరులో మా అమ్మ అందరికీ చెప్పేసింది: "కడుపుల రాళ్లుంటే తీసిండ్రు." నా షుగరు, మోకాళ్ల నొప్పులు, పాఠాలు చెప్పే బడి మెట్లెక్కితే వచ్చే ఆయాసం అన్నీ ఆమెకు తెలుసు. అయినా లావు తగ్గడానికి కోయించుకోవడమంటే ఆమెకు పరువు తక్కువ. రాళ్లయితే దేవుడిచ్చినవి కదా. లావుగా ఉన్నన్నాళ్లూ నన్ను బస్తా అని పిలిచిన ఊరికి ఇంత భయపడటమేమిటని నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు పుట్టింట్లో నాకు ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యాన్ని ఒడిలో పోసి నడుముకు మూటకట్టి, నన్ను పంక్తిలో కూర్చోబెట్టారు. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఒడి కట్టుకున్న ఆడబిడ్డ విస్తరిలో మెతుకు విడిస్తే పుట్టింటికి అరిష్టం. నాకేమో నాలుగు ముద్దలు దాటితే ఊపిరాడదు.

మేనత్త అన్నం గిన్నెతో వచ్చింది.

"చాలత్తా."

"ఏంది చాలు? రాళ్లతోని ఆకలి గూడ తీసిండ్రా? తిను బిడ్డా, గిట్ల ఎండిపోతివి."

పంక్తంతా నవ్వింది. ఎదురుగా అమ్మ కళ్లతోనే తినమని బతిమాలుతోంది. కోపంతోనే తిన్నాను. ముద్ద గొంతు కింద అడ్డం పడింది. పైనుంచి బియ్యం మూట పొట్టను నొక్కుతోంది. లేచి పశువుల కొట్టం వెనక్కి పరుగెత్తి కక్కేశాను.

అమ్మ వెనకే వచ్చి వీపు నిమిరింది. నిమురుతూనే, "మెల్లగ బిడ్డా, ఎవరన్న ఇంటరు" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాను.

"రాళ్లు కాదత్తా. లావు తగ్గనీకి కడుపు చిన్నగ చేయించుకున్న. ఇగ తినలేను."

మేనత్త గరిట ఆగనైనా ఆగలేదు. పక్క విస్తరిలో వడ్డిస్తూనే అంది.

"అవ్, మాకెరుకే. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నవని ఊరంత ఎరుకే. మీ అమ్మ ఎన్నడు చెప్తదోనని చూస్తున్నం."

అంటే తెలిసే కొసరి కొసరి పెట్టారు. అమ్మ ఎవరి మొహమూ చూడకుండా వచ్చి నా పక్కన కూలబడింది. నా విస్తరి తనవైపు లాక్కుని, అంతమంది ముందు నా ఎంగిలి అన్నం వేళ్లతో ఊడ్చి ఊడ్చి తింది.

"లే బిడ్డా" అంది చివరికి, "మెతుకు మిగల్లె."