ఒళ్లొకరిది, నోరొకరిది

ఆ వీధిలో అందరూ ఆవిడను థర్మామీటర్ డాక్టరమ్మ అంటారు. తల ముగ్గుబుట్టయినా ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోగుల మీద కాదు, రోగి పక్కన కూర్చుని వకాల్తా పుచ్చుకునే చుట్టాల మీద. నిజం చెప్పొద్దూ, ఆ కోపంలో న్యాయం ఉంది. "ఎక్కడమ్మా నొప్పి?" అని కోడల్ని అడిగితే అత్తగారు తన కడుపు పట్టుకుని చూపిస్తుంది. ఒళ్లొకరిది, నోరొకరిది! అందుకని డాక్టరమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. "మీరూ కాస్త నలతగా ఉన్నారే" అంటూ పక్కవాళ్ల నోట్లో థర్మామీటర్ పెట్టేస్తుంది. తీసేదాకా పెదవి కదపకూడదు. ఆలోగా అసలు మనిషి దగ్గర అసలు సంగతి రాబట్టుకుంటుంది.

ఒకరోజు, రిటైరైన లెక్కల మాస్టారొకరు భార్యను తీసుకొచ్చారు. ఆవిడకు షుగరు. పాదం అడుగున లేచిన పుండు ఎంతకీ మానడం లేదు. మందు పెంచినా షుగరు దిగడం లేదు. ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సిందేనని పెద్దాసుపత్రివాళ్లు తేల్చి చెప్పారు.

"మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

"భేషుగ్గా వేసుకుంటోందండీ" అన్నారు మాస్టారు.

"నిద్ర పడుతోందా?"

"పడకేం? మొద్దు నిద్ర!"

డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాస్టారి నోట్లో థర్మామీటర్ దోపి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. ఆవిడ మొగుడి వంక చూసింది. మాస్టారు థర్మామీటర్‌తోనే తలాడించి "ఊఁ" అన్నారు. ఆవిడా "ఊఁ" అంది.

"పాదం పోతుంటే ఆయన మొహం చూస్తావేం? నీకు నోరు లేదూ?" డాక్టరమ్మ అరిచిన అరుపుకు బయట బెంచీ మీదవాళ్లు ఉలిక్కిపడ్డారు.

ఆవిడ నిదానంగా తలెత్తింది. "ఇంట్లో ఆయన అరుస్తారు. ఇక్కడ మీరు అరుస్తున్నారు. ఇక నేను మాట్లాడేదెప్పుడు డాక్టరమ్మా?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది డాక్టరమ్మకు. కోపం తగ్గలేదు, తన మీదికే తిరిగింది. మాస్టారి నోట్లోంచి థర్మామీటర్ లాగేసి, ఆయన్ని భుజం పట్టి బయటికి పంపి గడియ వేసింది. కింద చిన్న స్టూలు మీద కూర్చుని, ఒక్క ముక్క అడక్కుండా కట్టు విప్పసాగింది. అలా నోరు మూసుకోవడం ఆవిడకు ప్రాణసంకటమే.

"మాత్రలు మానేసి చాన్నాళ్లయింది" అంది భార్య చివరికి. "ఆయనే నా చేతిలో పెడతారు. గుప్పిట్లో దాచి, తర్వాత పారేస్తాను."

"ఎందుకు?" అని నాలుక చివరిదాకా వచ్చిన మాటను డాక్టరమ్మ మింగేసింది.

"పెళ్లయిన నాటినుంచీ ఆయన పిలిస్తే పరిగెత్తింది ఈ కాళ్లే కదా. కాలు పోతే మంచాన పడతాను. అప్పుడన్నా ఒక గ్లాసుడు మంచినీళ్లు ఆయన తెచ్చిస్తారని."

డాక్టరమ్మ దూది మందులో ముంచి పుండు తుడవసాగింది. ఇంతలో తలుపు దబదబ మోగింది.

"అంతసేపు ఏం చెబుతోందండీ? దానికేం తెలుసు? తలుపు తీయండి, నేను చెబుతాను!"

డాక్టరమ్మ చివాల్న లేవబోయింది. మాస్టారి భార్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, తనే తలుపు వైపు తిరిగింది.

"నేను మాట్లాడుతున్నాను! పిలిచేదాకా అక్కడే కూర్చోండి!"

తలుపు చప్పుడు ఆగిపోయింది.