కొంగున కట్టిన వీడియో

బ్లాగులో నా ప్రయాణాలు చదివేవాళ్లు తగ్గిపోయారు. ఇంత పొడుగు రాతలు ఎవరు చదువుతారు, వీడియో పెట్టండమ్మా అని ఇద్దరు ముగ్గురు కింద రాసిపోయారు. నా నోటుబుక్కు చూసి టైపు చేసిపెట్టే మా వీధి నెట్ సెంటర్ రజియా కూడా అదే మాటంది. నేను చదివింది అయిదో తరగతి. ఈ రాతలు కూడా ఆగిపోతే నాతో మాట్లాడేదెవరని దిగులు పట్టుకుంది. రజియా తన కెమెరా ఫోను చేతిలో పెట్టి, ఈ బొత్తాం నొక్కితే చాలంది. సరేనని ఒంటిమిట్టకు బయలుదేరాను.

కర్నూలులో పొద్దున అయిదున్నరకు కడప బస్సు దొరికింది. నంద్యాల, మైదుకూరు మీదుగా అయిదు గంటల పైనే పట్టింది. ఎక్కగానే బొత్తాం నొక్కాను గానీ, ఎవరైనా లాక్కుంటారేమో, దుమ్ము పడి పాడవుతుందేమో, పరాయి సొమ్ము కదా అని ఒకటే భయం. కొంగున ముడేసి బొడ్లో దోపుకున్నాను. తోచక నోటుబుక్కు తీసి ఎప్పటిలాగే రాసుకుంటూ కూర్చున్నాను. కడపలో రాజంపేట బస్సుకు మారి ఒంటిమిట్ట చేరేసరికి పన్నెండున్నర. గుడి తలుపులు మూసేశారు.

ఎదురుగా చిన్న హోటల్లో ముప్పై రూపాయలకు భోజనం పెట్టారు. వంటచేసే లక్ష్మమ్మ నా సంగతంతా విని, తనకు చదువు రాదనీ వీడియో అయితే చూస్తాననీ అంది. ఫోను తీశాను. అందులో ఎర్రటి మసక, నా చీరే. దాని వెనక నా గొంతు. “సంచి ఉండాది. టికెట్టు ఉండాది. మాత్తర్లు ఉండాయి. తాళం ఏసినానా?” మళ్లీ అదే, మళ్లీ అదే.

“ఎవురితో మాట్లాడతాండావవ్వా?” అంది లక్ష్మమ్మ.

“ఎవురూ లేరమ్మా.”

ఆమె నా విస్తట్లో ఇంకో గంటెడు పప్పు వేసింది. నాకు సిగ్గేసింది. నోటుబుక్కు తెరిచి మైదుకూరు దగ్గర రాసింది చదివాను. పక్క సీటు పెద్దాయన సంచిలో కోడిపుంజును దాచి తెచ్చాడు. అది కూసినప్పుడల్లా గట్టిగా దగ్గేవాడు. లక్ష్మమ్మ పొయ్యి వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“మళ్లా? కండక్టరు కనిపెట్టినాడా?”

“ఉండు, చెప్తా” అని పేజీ తిప్పాను.

వీడియోలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. రాసేటప్పుడు మాత్రం ఎవరో ఎదురుగా కూర్చుని తర్వాతేమైందని అడుగుతున్నట్టుంటుంది. బొమ్మ కావాలనేవాళ్లది తప్పనను. నాకు ఇదే వచ్చు. చదివేవాళ్లు ఒక్కరే మిగిలినా రాస్తాను.

ఒంటిమిట్ట వెళ్లేవాళ్లు దిగే ఊరి పేరు కాగితం మీద రాసి కండక్టరుకివ్వండి. బస్సు రొదలో మన మాట పోయినా, రాసింది ఆయన చేతిలో ఉంటుంది.